ఖాళీ సంచి పంపకూడదు

ఆదోని,
శ్రావణం, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు,

నీ వదిన మహాదేవి దీవించి రాసే సంగతులు. ఇక్కడ మేమంతా బాగున్నాము. మా తమ్ముడు నరసింహ, నువ్వు కూడా అట్లాగే ఉన్నారని తలుస్తాను.

పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత పెద్ద కాగితం ముందేసుకుని నేను కూర్చోవడం ఇదే. ఇన్నాళ్ళూ పట్టని కలం ఇప్పుడు పట్టడానికి కారణం నువ్వే. పార్టీ వాళ్ళ ఫోన్లు రికార్డు అవుతాయి, ఎన్నిక అయ్యేదాకా ఫోన్లో ఏమీ మాట్లాడవద్దన్నావు. అయినా ఫోన్లో నాతో ఎప్పుడూ తిప్పలే కదా. "గట్టిగా సెప్పు వదినా, ఇనపడలే" అని నువ్వు అరుస్తావు. నేను గట్టిగా చెబితే మా వీధంతా వింటుంది, నీకు మాత్రం వినపడదు. కాగితం మీద నా గొంతు కూడా అందరి గొంతంత ఉంటుంది. అందుకే ధైర్యం చేశాను.

నువ్వు పంపిన రవిక గుడ్డల సంచి బస్సు కండక్టరు మద్దిలేటి తెచ్చి ఇచ్చాడు. రేపు శుక్రవారం మా ఆదోనిలోని పార్టీ ఆడవాళ్ళందరినీ ఇంటికి పిలిచి, పసుపు కుంకుమ, నానిన శనగలతో పాటు ఈ గుడ్డలు వాయనంగా పెట్టమన్నావు. "పుష్ప పంపించిందని సెప్పు, సాలు. ఓటు మాట ఎత్తొద్దు" అన్నావు. సరే. రెండు ఊళ్ళకూ కలిపి మహిళా విభాగం అధ్యక్షురాలి పదవికి నువ్వు, మీ ఎమ్మిగనూరు హనుమంతమ్మ పోటీ పడుతున్నారని నాకు తెలుసు. మీ ఊరి ఓట్లు చెరిసగం పోతాయి, ఆదోని ఓట్లే తేల్చాలని నువ్వే చెప్పావు. పంపకాలు చేసినట్టు రుజువైతే పార్టీ నుంచే తీసేస్తారని కూడా నువ్వే చెప్పావు. అమ్మవారి పేరు చెప్పి పెట్టేది వాయనమే కావాలి. నేను అట్లాగే పెడతాను.

సంచి ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. నా పెట్టెలో ఏళ్ళ తరబడి పేరుకున్న రవిక గుడ్డలు కొన్ని అందులో పెట్టాను. ఇవి నీకే. తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన
మహాదేవి

తా.క. శనగలు నానబోస్తుంటే మీ అన్న "ఇవి దేవునికా, ఓట్లకా?" అని అడిగారు. "తినేటప్పుడు తేడా తెలియదు లెండి" అన్నాను. దోసెడు తీసుకుని వెళ్ళిపోయారు.


ఎమ్మిగనూరు,
శనివారం.

పూజ్యురాలైన వదినకు,

పుష్ప పాదాభివందనాలు. నీ ఉత్తరం చదివి మీ తమ్ముడు "మా అక్క ఇంత మాట్లాడతాదా!" అని ఆశ్చర్యపోయారు. ఇకమీదట నా ఉత్తరాలు ఆయన కంట పడకుండా చూసుకుంటాను, నువ్వూ జాగ్రత్తగా రాయి.

వాయనాలు బాగా జరిగాయా? అందరూ వచ్చారా? భీమమ్మ వచ్చిందా? ఆమె మాట మీద వాళ్ళ వార్డు ఆడవాళ్ళంతా నడుస్తారు. గుడ్డలు తీసుకుని ఏమన్నారు? ఇంటికి పోయాక ఎవరైనా మళ్ళీ వచ్చి నీతో సంతోషంగా ఏమైనా చెప్పారా? ఎవరి ముఖంలోనైనా వెలుగు కనిపించిందా? ప్రతి ఒక్కటీ రాయి.

ఇక్కడ హనుమంతమ్మ ఇంటింటికీ తిరుగుతోంది. కుక్కర్లు ఇస్తానని మాట ఇస్తోందట. మాట మాత్రమే, కుక్కరు ఎవరూ చూడలేదు. ఈ పదవి నాకు రాకపోతే వదినా, ఊళ్ళో తల ఎత్తుకోలేను. నేను పెట్టినది పెద్దది. ఎంత పెద్దదో తర్వాత చెబుతాను.

ఇట్లు,
నీ మరదలు
పుష్ప

తా.క. నువ్వు పంపిన గుడ్డలు అందాయి. విప్పి చూసే తీరిక ఎక్కడిది! శుక్రవారం తాంబూలాలకు అవే అక్కరకొచ్చాయి. హనుమంతమ్మ కోడలి సీమంతానికి మర్యాదకు పోకతప్పలేదు, చేతికందిన పచ్చది పెట్టి వచ్చాను. పూలమ్మే ఆమెకు ఊదారంగుది. పోటీ పోటీయే, మర్యాద మర్యాదే కదా.


ఆదోని,
మంగళవారం.

చిరంజీవి పుష్పకు,

వదిన ఆశీస్సులు. నీ ఉత్తరం చివర రాసినది రెండుసార్లు చదువుకున్నాను. ఆ గుడ్డలు నీకే అని రాశాను కదమ్మా. పోనీలే.

శుక్రవారం అందరూ వచ్చారు. లలిత చదివాము, హారతి ఇచ్చాము. వాయనం చేతికి ఇవ్వగానే భీమమ్మ దాన్ని అరచేతిలో తూచి, "ఏమక్కా, మీ పుష్ప ఉత్త గుడ్డముక్కతోనే సరిపెట్టిందే! ఆపక్క కుక్కరంట!" అంది.

"అమ్మవారి వాయనానికి బేరం ఏంది తల్లీ" అన్నాను.

"బేరం కాదులేక్కా, ఉన్నమాట. నా ఇంట్లో రవిక గుడ్డలు ఒక బీరువా ఉండాయి. కుక్కరు ఒకటే ఉండాది, దానికీ విజిల్ లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓటు మాట ఎవరూ ఎత్తలేదు, నా మనసు తేలికపడింది.

ఎవరి ముఖంలో వెలుగు కనిపించిందని అడిగావు. రవిక గుడ్డ ఎవరైనా విప్పి చూస్తారా పుష్పా? ఎట్లా వచ్చిన మడత అట్లాగే ఇంకొకరికి పోతుంది. భీమమ్మ మా ఇల్లు దాటకుండానే, మా పక్కింటామె బొట్టు పెట్టి పిలిస్తే, ఆమెకు పెట్టేసింది. పక్కింటామె సాయంత్రం మా ఊరి అవ్వ గుడిలో పూజారి భార్యకు ఇచ్చింది. నువ్వు పంపిన వాటిలో రెండు, ఆదివారానికి ఊరంతా తిరిగి మా ఇంటికే వచ్చాయి. గుర్తుపట్టి నమస్కారం పెట్టుకుని, మళ్ళీ పెట్టాను.

ఈసారి కూడా సంచి ఖాళీగా పంపలేక నా పెట్టెలోవి ఇంకొన్ని పెట్టాను. నా మాట విని వీటినైనా ముందు విప్పి చూసుకో. రంగు వెలిసినవి ఉన్నాయేమో, చిరుగులు ఉన్నాయేమో. చూడకుండా ఎవరికీ పెట్టకు.

ఇట్లు,
వదిన మహాదేవి

తా.క. కండక్టరు మద్దిలేటి "ఈ సంచిలో ఏముందమ్మా, పోతాంది వస్తాంది, నాకంటే ఎక్కువ తిరుగుతాంది" అని అడిగాడు. "వాయనం నాయనా" అన్నాను. "మగోళ్ళకు లేదా?" అన్నాడు. శనగలు ఇచ్చాను.


ఎమ్మిగనూరు,
శుక్రవారం.

వదినా,

నమస్కారం. కుశల ప్రశ్నలకు ఓపిక లేదు, క్షమించు. ఎవరూ విప్పలేదా? ఒక్కరూ విప్పలేదా?

ఇంక దాచి లాభం లేదు. ఆ గుడ్డల మడతల్లో ఒక్కొక్కదానిలో ఒక బంగారు ముక్కుపుడక ఉంది. బియ్యపు గింజంతదే, కానీ బంగారం. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు. నీ చేతి మీదుగా పోతే ఎవరికీ అనుమానం రాదనుకున్నాను. ఆడవాళ్ళు ఇంటికి పోయి విప్పి చూసుకుని మురిసిపోతారు అనుకున్నాను. వాళ్ళు విప్పకుండా ఊరేగిస్తారని కలలోనైనా అనుకుంటానా!

నువ్వు వెంటనే ఒక పని చెయ్యి. వచ్చే శుక్రవారం వ్రతకథ చదివేటప్పుడు "ఎవరి గుడ్డ వాళ్ళు విప్పి చూసుకుంటే సౌభాగ్యం" అని నడుమ కలిపి చదువు. కథలో ఒక మాట ఎక్కువైతే అమ్మవారు ఏమీ అనుకోదు.

ఇంకా పెద్ద గొడవ విను వదినా. పూలమ్మే ఆమె ముక్కుకు కొత్త పుడక! నా పుడకే, నేను చేయించిన డిజైనే! "యాడిదే ఇది?" అని అడిగితే "శుక్రారం వచ్చిన గుడ్డల్లో యాదాంట్లోనో ఉండె మేడం. ఎవరు పెట్టిరో ఎవరికి గుర్తు? అమ్మవారే ఇచ్చింది" అంటోంది. అంతటితో పోలేదు. హనుమంతమ్మ కోడలి ముక్కుకు కూడా అదే! సీమంతానికి వచ్చిన గుడ్డల కుప్పలో దొరికిందట. ఆదోనిలో నువ్వు పెట్టిన వాయనాలు చేతులు మారి మారి బస్సెక్కి ఎమ్మిగనూరు దాకా వచ్చినట్టున్నాయి.

హనుమంతమ్మ నడివీధిలో నిలబడి "నా కోడలి ముక్కుకే గాలం ఏసిందే ఈ పుష్ప!" అని రచ్చ చేసింది. నా మీదికే ఎందుకు వచ్చిందో తెలుసా? ఈ మధ్య నా మెడ బోసిగా ఉండటం గమనించిందట. ఆమె కళ్ళు కళ్ళు కావు. పార్టీకి కంప్లయింట్ పెట్టింది. కర్నూలు నుంచి పరిశీలకుడు బసవరాజు గారు భార్యతో సహా దిగారు. మీ ఆదోనికి కూడా వస్తారు. రుజువైతే నన్ను పార్టీ నుంచి తీసేస్తారు. నువ్వు మాత్రం ఏమీ తెలియనట్టు ఉండు.

ఇట్లు,
తొందరలో ఉన్న
పుష్ప

తా.క. బసవరాజు గారి భార్య భారతమ్మ చాలా మంచిది. ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టాను. పోయేటప్పుడు బొట్టు పెట్టి, నీ రెండో సంచిలోని ఎర్ర గుడ్డ పెట్టాను. మిగిలినవి ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళకు పంచేశాను. నీ గుడ్డలు లేకపోతే పరువు పోయేది.


ఆదోని,
సోమవారం.

చిరంజీవి పుష్పకు,

అమ్మవారు నిన్ను చల్లగా చూడాలి. ఆ మాట నేను ఇప్పుడు రోజూ కోరుకుంటున్నాను.

బసవరాజు గారు నిన్న మా ఇంటికి వచ్చారు. భీమమ్మను, తక్కిన ఆడవాళ్ళను ముందే రమ్మని కబురు చేశారు. కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, "అమ్మా, మీ చేతుల మీదుగా ఓటర్లకు ముక్కుపుడకలు పంచినారని కంప్లయింట్ ఉండాది. నిజమా?" అని అడిగారు.

నేను జవాబు చెప్పాను. ఆయనకు వినపడలేదు. "కొంచెం గట్టిగా సెప్పండమ్మా" అన్నారు. మళ్ళీ చెప్పాను. "ఇంకొంచెం" అన్నారు. అప్పుడు మీ అన్న విసుగొచ్చి "సార్, ఈమె గొంతుకు ఇదే ఆఖరు, మీరే దగ్గరికి రండి" అన్నారు.

నేను కర్పూరం వెలిగించాను. దాని మీద చెయ్యి చాపి, "ఓటున్న ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా నేను ముక్కుపుడక పెట్టలేదు. పెట్టింది రవిక గుడ్డ, అంతే" అని చెప్పాను. ఇది నిజం పుష్పా. నేను దేవుని ముందు అబద్ధం చెప్పను.

ఆయనకు ఇంకా అనుమానం తీరక, వచ్చిన వాళ్ళ ముక్కులన్నీ వరసగా చూడటం మొదలుపెట్టారు. భీమమ్మ తల వెనక్కి వంచి, "సూడండి సార్, బాగా సూడండి. నా పెండ్లినాటి పుడక ఇది. దీన్ని మార్పించమని మా ఇంటాయనకు కూడా ఒక నోటీసు ఇయ్యండి" అంది. ఆయన సిగ్గుపడి కాగితాలు మడుచుకున్నారు. ఆదోనిలో పంపకం జరగలేదని రాసుకున్నారు.

అంతలో అవ్వ గుడికి పోయిన భారతమ్మ లోపలికి వచ్చింది. ఆమె ముక్కు చూసి నేను హారతి పళ్ళెం కింద పెట్టేశాను. ఆమె భర్త ఊరందరి ముక్కులూ చూశారు కానీ, ఆ ముక్కు ఆయనకు కనిపించలేదు.

నువ్వు ఒకసారి నిదానంగా ఆలోచించు. వ్రతకథలో నడుమ మాటలు కలపమన్నావు, ఆ పని నా వల్ల కాదు.

ఇట్లు,
వదిన మహాదేవి

తా.క. ఈసారి సంచి ఖాళీగానే పంపుతున్నాను. తప్పే. కానీ నా దగ్గర పంపడానికి ఇంకేమీ మిగల్లేదు.


ఎమ్మిగనూరు,
గురువారం.

వదినకు,

అంతా అయిపోయింది.

నిన్న ఫంక్షన్ హాలులో ఓట్లు వేయాల్సింది. నేను పట్టుచీర కట్టుకుని పోయాను. హనుమంతమ్మ కూడా పట్టుచీరే. బసవరాజు గారు మైకు తీసుకుని, "ఇద్దరు అభ్యర్థుల మీద ఆరోపణలు వచ్చినందున ఎన్నిక రద్దు చేస్తున్నాము. పార్టీ ఐక్యత కోసం, ఏ మచ్చా లేని వ్యక్తిని పెద్దలు పైనుంచి నియమించారు" అన్నారు. ఆ మచ్చలేని వ్యక్తి ఎవరో ఊహించు. భారతమ్మ! ఆయన భార్యే! ఆమె పుట్టిల్లు ఆలూరు కాబట్టి స్థానికురాలేనట!

ఆమె వేదిక ఎక్కి దండ వేయించుకుంది. ఫోటోగ్రాఫర్ లైటు వేశాడు. ఆమె ముక్కు మీద నా పుడక తళుక్కున మెరిసింది వదినా!

హనుమంతమ్మ నా పక్క కుర్చీలోనే ఉంది. మెల్లగా నా చెయ్యి పట్టుకుని, "పుష్పా, ఆ ముక్కు సూసినావా?" అంది.

"సూసినానక్కా" అన్నాను.

"నీదేనా?"

"ఊఁ."

"నేనైతే ఆమెకు కుక్కరు ఇచ్చినా" అంది. తర్వాత ఇద్దరం పోయి భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చున్నాము. సాంబారులో ఉప్పు లేదు.

ఇప్పుడు నీతో చెప్పాల్సింది చెబుతాను. ఆ పుడకలు దేనితో చేయించానో తెలుసా? మా పెళ్ళిలో మీ అమ్మగారు నా మెడలో వేసిన గుండ్లపేరు కరిగించాను. మీ తమ్ముడికి తెలియదు. గెలిచాక మెల్లగా మళ్ళీ చేయించుకోవచ్చు అనుకున్నాను. నిన్న రాత్రి ఆయన "నీ గుండ్లపేరు యాడుంది?" అని అడిగారు. భయపడి, వరలక్ష్మి పూజకు వదిన దగ్గర పెట్టానని చెప్పాను. ఆయన నీకు ఫోన్ చేస్తారు.

నువ్వు ఒక్క మాట, "విప్పి చూసుకోండి" అని ఒక్క మాట ఆ ఆడవాళ్ళతో అని ఉంటే ఇదంతా జరిగేది కాదు. నీ అమాయకత్వమే నన్ను ముంచింది. నా బంగారం ఊరూరా తిరిగి ఊరికే పోయింది. నాకు నీ మీద కోపంగా ఉంది, ఇంతకంటే రాయలేను.

ఇట్లు,
పుష్ప

తా.క. కోపంలో కూడా అడుగుతున్నాను: ఆయన ఫోన్ చేస్తే ఏం చెబుతావు?


ఆదోని,
శ్రావణం ఆఖరి శనివారం.

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు,

వదిన దీవించి, ఒక పక్క నవ్వుతూ, ఒక పక్క కళ్ళు తుడుచుకుంటూ రాస్తున్నది.

రవిక గుడ్డ ఎవరూ విప్పి చూడరని నీకు రాశాను. అది నిజమే. కానీ నేను విప్పుతాను. అందరివీ కాదు, నువ్వు పంపినవి మాత్రం. మీ గృహప్రవేశంలో నువ్వు నాకు పెట్టిన నీలం గుడ్డ గుర్తుందా? మోజుగా కుట్టించుకుందామని టైలరు దగ్గరికి పోతే, "దీంట్లో సేతులు రావమ్మా, వీపు కావాల్నా, ముందు కావాల్నా, ఏదో ఒకటి సెప్పండి" అన్నాడు. ఆ రోజు నుంచి నీ చేతి గుడ్డ ఏది వచ్చినా విప్పి, మూర పెట్టి కొలిచి, మళ్ళీ మడిచి గాని ఎవరికీ పెట్టను. నీ పేరు చెడకూడదని.

ఈసారి కూడా అట్లాగే కొలుద్దామని విప్పాను. ముక్కుపుడక చాప మీద రాలింది. రెండోది విప్పాను, మళ్ళీ పుడక. అన్నీ విప్పాను, అన్నింట్లోనూ పుడకలే. అమ్మవారి పేరు చెప్పి ఓటు కొనడానికి నా చెయ్యి రాలేదు. నిన్ను నిలదీసి రాయడానికి కూడా చెయ్యి రాలేదు, ఆ కాగితం తమ్ముడి కంట పడితే? అందుకే పుడకలన్నీ తీసేసి, గుడ్డలు మాత్రం, అన్నీ సరైన కొలతే ఉన్నాయి, చాలా సంతోషం, ఆదోని ఆడవాళ్ళకు నీ పేరు చెప్పి వాయనం పెట్టాను.

పుడకలు నీకే తిప్పి పంపాను. నా పెట్టెలోని గుడ్డల మడతల్లో పెట్టి, కొన్ని మొదటి సంచిలో, మిగిలినవి రెండో సంచిలో. విప్పి చూసుకో అని రెండుసార్లు రాశాను. చూసుకుని, నాతో ఒక్క మాట కూడా అనకుండా, నీలో నువ్వే సిగ్గుపడి ఊరుకుంటావు అనుకున్నాను. నువ్వు కూడా విప్పకుండా పెట్టేస్తావని నాకు తట్టలేదు.

పూలామె ఊదా గుడ్డ, హనుమంతమ్మ కోడలి పచ్చ గుడ్డ, భారతమ్మ ఎర్ర గుడ్డ, నీ ఉత్తరాలు తీసి చూడు. ఎవరెవరికి పెట్టావో నీ చేతి రాతలోనే ఉంది. ఆదోని నుంచి ఏదీ బస్సెక్కి రాలేదమ్మా. పంచింది నువ్వే.

ఒక్కటి తలుచుకుని ఊరట పడు. ఓటున్న ఆదోని ఆడవాళ్ళ ముక్కు ఒక్కదాని మీదా అది లేదు కాబట్టే నిన్ను పార్టీలో ఉంచారు. ఇక గుండ్లపేరు సంగతి. అది అమ్మ బంగారమని నాకు తెలిసి ఉంటే, సంచిలో కాదు, నా కొంగున కట్టుకుని నేనే వచ్చి ఉండేదాన్ని. పూలామె బోసి ముక్కు మీద అది ఉన్నందుకు అమ్మ ఏమీ అనుకోదు, సంతోషిస్తుంది. భారతమ్మ ముక్కు సంగతి అమ్మవారు చూసుకుంటుంది.

తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, గుండ్లపేరు నీ కాడ ఉండాదా?" అని అడిగాడు. నేను నిజమే చెప్పాను. "ఇనపడలేదక్కా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "సరేలే, ఉంటే సాలు" అని పెట్టేశాడు. నా గొంతు ఇన్నేళ్ళకు ఒకసారి అక్కరకొచ్చింది. కానీ ఎప్పటికైనా నువ్వే ఆయనకు చెప్పాలి. ఉరుకుంద ఈరన్న గుడికి పోదాం రా, ఇద్దరమూ మొక్కుకుని, ధైర్యం తెచ్చుకుని, వచ్చాక చెప్పు. నేను పక్కనే ఉంటాను. ఆయన అరిస్తే నాకు బాగా వినపడుతుంది.

ఇట్లు,
నీ మీద ఏ కోపమూ లేని వదిన
మహాదేవి

తా.క. నిన్న దేవుని గూడు తుడుస్తుంటే పసుపు డబ్బా వెనక ఒక పుడక దొరికింది. నేను విప్పినప్పుడు దొర్లినట్టుంది. అమ్మ బంగారంలో మనకు మిగిలింది ఇదొక్కటే. సంచి ఖాళీగా పంపకూడదు కాబట్టి, ఒక పసుపు రంగు రవిక గుడ్డ మడతలో పెట్టి దీనితో పాటు పంపుతున్నాను. నువ్వు ముందు ఉత్తరం చదివావో, ముందు గుడ్డను ఎవరికైనా పెట్టేశావో ఆ ఈరన్నకే తెలియాలి. ఇంకా ఇంట్లోనే ఉంటే లేచి విప్పు తల్లీ. ఈ కాగితాలు కాల్చమని చెప్పను. మళ్ళీ ఎప్పుడైనా ఎన్నిక మీదికి మనసు పోతే చదువుకోవడానికి దాచిపెట్టుకో. ఎవరికీ చూపకు. మడత బాగుంది కదా అని ఎవరికీ పెట్టకు.